లూసర్న్ పశుగ్రాసపు పైరులో విత్తన మోతాదు, యాజమాన్య పద్ధతులు: మొక్కల సాంద్రతపై, దిగుబడిపై వాటి ప్రభావం

నీటి వసతి గల పాడి రైతులకు ఎక్కువ కాలం పచ్చిమేతను అందించగల పప్పుజాతి పశుగ్రాసాలలో లూసర్న్ ముఖ్యమైనది. దీనినే అల్ఫాల్ఫా అని కూడా వ్యవహరిస్తారు. మూడు నాలుగేళ్లు నిలవవలసిన ఈ బహువార్షిక పైరు రెండవ సంవత్సరానికే పలుచబడి, ఖాళీలలో తుంగ, గరిక చేరి, దున్నివేయక తప్పని స్థితికి రావడం తరచుగా కనిపించే విషయం. అటువంటి క్షేత్రంలో మొదట చెప్పబడే కారణం విత్తనం చాలలేదన్నదే. మరుసటి సారి ఎకరాకు పది కిలోలకు బదులు పన్నెండు, పదిహేను కిలోలు చల్లుతారు. ఖర్చు పెరుగుతుంది గాని పైరు ఆయుష్షు పెరగదు. విత్తన మోతాదు పైరు ఏ స్థితిలో మొదలవుతుందో మాత్రమే నిర్ణయిస్తుంది. అది ఎంత మేత ఇస్తుంది, ఎన్నేళ్లు నిలుస్తుంది అనేవి ఆ తరువాతి కోతలు, నీరు, పోషకాలపై ఆధారపడి ఉంటాయి. సలహా ఇచ్చేవారు ఈ రెండు దశలను వేరుగా చూడనంత కాలం రోగం ఒకచోట, మందు మరొకచోట అన్నట్లే ఉంటుంది.

చర్చకు ముందు పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగు ప్రాంతాలలో హెడ్జ్ లూసర్న్ అని, దశరథ గడ్డి అని పిలిచే మొక్క ఇది కాదు. అది డెస్మాంథస్ ప్రజాతికి చెందిన పొద. దాని విత్తన మోతాదు, కోత ఎత్తు, వ్యవధి అన్నీ వేరు. ఒకదానికి చేసిన సిఫారసును మరొకదానికి అన్వయించడం వలన జరిగే పొరపాట్లు తక్కువేమీ కాదు. ఇక్కడ చర్చించబడుతున్నది మెడికాగో సటైవా. ఇది లోతైన తల్లివేరు, నేల మట్టానికి కాస్త పైనా కిందా విస్తరించే క్రౌన్ అనే మొదలు భాగం గల మొక్క. ప్రతి కోత తరువాత కొత్త కొమ్మలు ప్రధానంగా ఈ మొదలులోని మొగ్గల నుండే వస్తాయి.

విత్తన మోతాదు లెక్క

మన దేశంలో లూసర్న్‌కు సాధారణంగా వరుసలలో విత్తినపుడు హెక్టారుకు 15 నుండి 20 కిలోలు, వెదజల్లినపుడు 20 నుండి 25 కిలోలు సిఫారసు చేయబడుతున్నాయి. అంటే ఎకరాకు వరుసగా 6–8 కిలోలు, 8–10 కిలోలు. అమెరికాలోని విస్కాన్సిన్ వంటి రాష్ట్రాలలో ఎకరాకు 12 నుండి 15 పౌండ్లు, అనగా సుమారు 5.5 నుండి 7 కిలోలు చాలునని చెబుతారు. ఈ అంకెలను బరువుగా గాక గింజల సంఖ్యగా మార్చి చూసినపుడే వాటి అర్థం బోధపడుతుంది.

లూసర్న్ వేయి గింజల బరువు సుమారు 2 గ్రాములు. కిలోకు 4.5 నుండి 5 లక్షల గింజలు ఉంటాయి. హెక్టారుకు 20 కిలోలు విత్తితే చదరపు మీటరుకు సుమారు 950 గింజలు పడతాయి. వరుసల మధ్య దూరం 25 సెంటీమీటర్లయితే చదరపు మీటరులో నాలుగు మీటర్ల వరుస వస్తుంది కాబట్టి, వరుసలో ప్రతి సెంటీమీటరుకు రెండు గింజలకు పైగా పడ్డట్లు. విత్తన మడి చక్కగా కుదిరితే వీటిలో 60 శాతం మొలిచినా చదరపు మీటరుకు 570 మొలకలు నిలుస్తాయి. మొదటి సంవత్సరం చివరకు మంచి పైరులో ఉండవలసినవి 200 పైచిలుకు మొక్కలు మాత్రమే. మూడవ ఏటికి అవి 60కి తగ్గినా, ప్రతి మొక్కా బలమైన మొదలు కలిగి ఉంటే దిగుబడి నిలబడుతుంది.

ఈ లెక్క ప్రకారం హెక్టారుకు 10 కిలోలు విత్తినా, 60 శాతం మొలిస్తే, చదరపు మీటరుకు 285 మొలకలు దక్కుతాయి. కాగితం మీద అది చాలు. అయినా సిఫారసు దానికి రెట్టింపుగా ఎందుకు ఉంది? లోతుగా పడిన గింజలు, పైపొర గట్టిపడి బయటకు రాలేని మొలకలు, గట్టి పెంకు కారణంగా తొలి తడికి మొలవని గింజలు, చీమలు, నారుకుళ్లు, కలుపు పోటీ అనే నష్టాలన్నిటికీ అది ఒక భరోసా. కాబట్టి విత్తన మడి ఎంత బాగా తయారైతే ఈ భరోసా అవసరం అంత తగ్గుతుంది. దీనికి విరుద్ధంగా, గడ్డలుగా ఉన్న దుక్కిలో 25 కిలోలు చల్లినా ఖాళీలు తప్పవు. ఒకచోట గుత్తులుగా, మరొకచోట అసలు లేకుండా మొలవడం మోతాదు లోపం కాదు, విత్తిన తీరు లోపం.

కోటింగ్ చేసిన విత్తనం కొన్నపుడు ఒక జాగ్రత్త అవసరం. పైపూత బరువు మొత్తంలో మూడో వంతు వరకు ఉండవచ్చు. అట్టి విత్తనం 20 కిలోలు విత్తితే నిజంగా పడిన గింజలు 13 కిలోల పైచిలుకు మాత్రమే. మొలక శాతం, స్వచ్ఛత, పూత బరువు మూడింటినీ లెక్కలోకి తీసుకుని జీవ విత్తనం ఎంత అన్నది తేల్చకుండా రెండు విత్తన మోతాదులను పోల్చడంలో అర్థం లేదు.

సాంద్రత పెరిగినా దిగుబడి పెరగకపోవడానికి కారణం

పశుగ్రాసపు దిగుబడిని మూడు అంశాల గుణకారంగా చూడవచ్చు. అవి చదరపు మీటరుకు మొక్కలు, మొక్కకు కొమ్మలు, ఒక్కొక్క కొమ్మ బరువు. మొక్కలు ఎక్కువైనపుడు వాటి మధ్య వెలుతురుకు, నీటికి పోటీ పెరిగి మొక్కకు కొమ్మలు తగ్గుతాయి, కొమ్మలు సన్నబడతాయి. బలహీనమైనవి నీడలో పడి చనిపోతాయి. మొక్కలు తక్కువైనపుడు ఇదే వ్యతిరేక దిశలో జరుగుతుంది. మొదలు వెడల్పయి, ఒక్కొక్క మొక్క ఎన్నో కొమ్మలు వేస్తుంది. ఈ సర్దుబాటు వలననే, ఒక కనీస స్థాయి దాటిన తరువాత విత్తన మోతాదును పెంచినా తగ్గించినా మొత్తం దిగుబడిలో చెప్పుకోదగిన తేడా కనిపించదు. ఎక్కువగా విత్తిన మడిలో ఎక్కువ మొలకలు చనిపోయి, ఒకటి రెండేళ్లలో సాంద్రతలు ఒకదానికొకటి దగ్గరవుతాయి.

హెచ్చు మోతాదుకు ప్రయోజనమే లేదని దీని అర్థం కాదు. తొలి 50, 60 రోజులలో లూసర్న్ నెమ్మదిగా పెరుగుతుంది. ఆ కాలంలో నేలను త్వరగా కప్పే దట్టమైన పైరు కలుపును కొంతవరకు అణచగలదు. మొదటి ఒకటి రెండు కోతలలో దిగుబడి కొద్దిగా ఎక్కువ రావచ్చు. ఏకవార్షికంగా, ఒక్క రబీ, వేసవి కాలానికే పెంచే రైతుకు ఈ లాభం విలువైనదే. మూడేళ్లు ఉంచదలచిన రైతుకు మాత్రం అది తాత్కాలికం.

విద్యార్థులు ప్రయోగాలను రూపొందించేటపుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఒకే సంవత్సరపు కోతలతో ముగిసే విత్తన మోతాదు ప్రయోగం సహజంగానే హెచ్చు మోతాదు వైపు మొగ్గుతుంది. ప్రధాన మడులలో కోతల వ్యవధిని, ఉప మడులలో విత్తన మోతాదును ఉంచి కనీసం రెండేళ్లు కొనసాగించి, ప్రతి కోతకు మొక్కల సంఖ్యను, కొమ్మల సంఖ్యను కూడా నమోదు చేస్తేనే అసలు చిత్రం బయటపడుతుంది. దిగుబడిని మాత్రమే తూచే ప్రయోగం ఏమి జరిగిందో చెప్పగలదు గాని, ఎందుకు జరిగిందో చెప్పలేదు.

విత్తే వేళ చేయవలసినవి

అక్టోబరు, నవంబరు నెలలు విత్తడానికి అనువైనవి. మురుగు నీరు నిలవని, ఉదజని సూచిక 6.5 నుండి 7.5 వరకు ఉన్న నేలలు కావాలి. ఆమ్ల నేలలలో వేరు బుడిపెలు సరిగా ఏర్పడవు. దుక్కి మెత్తగా ఉండాలి, అదే సమయంలో అణిగి ఉండాలి. నడిచినపుడు పాదం లోతుగా దిగబడే నేలలో గింజకు మట్టి అంటుకోదు. బరువు నేలలలో ఒక సెంటీమీటరు, తేలిక నేలలలో రెండు సెంటీమీటర్ల లోతు మించకూడదు. ఇంత చిన్న గింజకు తనలోని నిల్వ ఆహారంతో అంతకంటె లోతు నుండి బయటపడే శక్తి ఉండదు. చేతితో విత్తేటపుడు ఇసుకతో కలిపితే గింజ సమంగా పడుతుంది. నల్లరేగడి నేలలలో బోదెలు చేసి వాటి పక్కల విత్తడం వలన వానాకాలంలో మొదలు నీటిలో మునగకుండా ఉంటుంది.

రైజోబియం విషయంలో పొరపాటు సాధారణం. వేరుశనగకు, కందికి వాడే కల్చరు లూసర్న్‌పై పనిచేయదు. దీనికి సైనోరైజోబియం మెలిలోటి అనే ప్రత్యేక జాతి కావాలి. మెంతికూర వేర్లపై బుడిపెలు కలిగించేది కూడా ఇదే వర్గపు బాక్టీరియా. అందువలన మెంతి బాగా పండిన మడిలో లూసర్న్ తొలిసారి వేసినా బుడిపెలు ఏర్పడే అవకాశం ఎక్కువ. మెంతి గాని, లూసర్న్ గాని ఎన్నడూ వేయని నేలలో కల్చరు పట్టించకుండా విత్తితే, మొలక బాగా వచ్చినా ఆరేడు వారాలకు ఆకులు పసుపు పచ్చబడతాయి. అపుడు కూడా నింద విత్తనంపైనే పడుతుంది.

స్వచ్ఛత లేని విత్తనంతో వచ్చే పెద్ద ముప్పు బంగారు తీగ. కృష్ణా, గుంటూరు ప్రాంతాల వరి మాగాణి మినుములో రైతులను ఇబ్బంది పెట్టే పరాన్నజీవి కలుపు ఈ వర్గానిదే. విత్తన ధృవీకరణ ప్రమాణాలలో లూసర్న్‌కు ఇది అభ్యంతరకరమైన కలుపుగా పేర్కొనబడింది. దాని గింజ లూసర్న్ గింజ కంటె చిన్నదైనా జల్లెడతో పూర్తిగా వేరు కాదు. గరుకైన పైపొర కారణంగా మఖమలు వంటి గుడ్డకు అంటుకునే గుణాన్ని ఆధారం చేసుకుని యంత్రాలతో వేరు చేస్తారు. బహువార్షిక పైరులో ఒకసారి చేరితే అది కోతకోతకూ వ్యాపిస్తుంది. తీగ కనిపించిన వెంటనే, పూతకు రాకముందే, ఆ భాగాన్ని ఆతిథ్య మొక్కతో సహా కోసి కాల్చివేయడమే మేలు.

కోత: పైరు ఆయుష్షును నిర్ణయించే అంశం

లూసర్న్ యాజమాన్యమంతటిలో అత్యంత ప్రభావం గలది కోతల మధ్య వ్యవధి. కోసిన వెంటనే మొక్కకు ఆకులు దాదాపు ఉండవు. కొత్త కొమ్మలు తల్లివేరులో, మొదలులో నిల్వ ఉన్న పిండి పదార్థాన్ని, నత్రజని నిల్వలను వాడుకుని పెరుగుతాయి. కొమ్మలు 15–20 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చే వరకు, అంటే సుమారు రెండు మూడు వారాల పాటు, వేరులోని నిల్వ తగ్గుతూనే ఉంటుంది. ఆ తరువాత ఆకులు తయారుచేసే ఆహారంలో మిగులు వేరులోకి తిరిగి చేరడం మొదలై, పూత దశ నాటికి నిల్వ నిండుతుంది. విస్కాన్సిన్‌లో గ్రేబర్, ఆయన సహచరులు 1927లో ప్రచురించిన పరిశోధన ఈ నిల్వల ప్రాధాన్యాన్ని స్పష్టం చేసింది. లేత దశలో పదే పదే కోసిన మొక్కల వేర్లు చిక్కి, పైరు బలహీనపడి పలుచబడుతుంది.

మొదటి కోతను విత్తిన 55 నుండి 65 రోజులకు, తరువాతి కోతలను వాతావరణాన్ని బట్టి 25 నుండి 30 రోజులకు ఒకసారి తీయాలన్న సిఫారసుకు మూలం ఇదే. చలి ఎక్కువగా ఉన్న నెలలలో మరికొన్ని రోజులు ఆగవలసి వస్తుంది. రోజుల కంటె మొక్క దశ నమ్మదగిన కొలత. పదింట ఒక వంతు కొమ్మలకు పూత కనిపించినపుడు కోయడం దిగుబడికి, నాణ్యతకు మధ్య రాజీ. మొగ్గ దశలో మాంసకృత్తులు ఎండు పదార్థంలో 20 శాతం దాటి ఉంటాయి. నిండు పూత నాటికి 15–16 శాతానికి తగ్గుతాయి, కాండం పీచు బారుతుంది. ప్రతి కోతనూ మొగ్గ దశలో తీస్తే మేత బాగుంటుంది గాని పైరు పోతుంది. ఏడాదికి కనీసం ఒక కోతనైనా పూతకు వదిలితే వేరు కోలుకుంటుంది. అలాగని మరీ ఆలస్యం చేయరాదు. అప్పటికే మొదలు నుండి బయలుదేరిన కొత్త కొమ్మలు కొడవలికి తెగి, తదుపరి కోత వెనుకబడుతుంది. నేల నుండి 5–8 సెంటీమీటర్ల ఎత్తు వదిలి కోయాలి.

సిద్ధాంతం ఇంత సులువైనా క్షేత్రంలో అది ఎందుకు అమలు కాదో పరిశీలించడం విస్తరణ శాస్త్రవేత్తలకు ఎక్కువ ఉపయోగకరం. పాడి రైతు మొత్తం పైరును ఒకే రోజు కోయడు. రోజూ ఒక చెక్క కోసి పశువులకు వేస్తాడు. కాబట్టి కోతల వ్యవధిని నిర్ణయించేది క్యాలెండరు కాదు, కొట్టంలోని పశువుల సంఖ్య.

ఉదాహరణకు ఒక ఎకరం పైరును తీసుకోవచ్చు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. 28 రోజుల వ్యవధి పాటించాలంటే రోజుకు సుమారు 145 చదరపు మీటర్లు మాత్రమే కోయాలి. ఒక కోతలో చదరపు మీటరుకు 0.8 కిలోల పచ్చిమేత వస్తుందనుకుంటే రోజుకు 115 కిలోలు దొరుకుతాయి. ఎండుమేతతో కలిపి పశువుకు 10 కిలోల చొప్పున వేస్తే అది 11 పశువులకు సరిపోతుంది. అదే రైతుకు 15 పశువులు ఉంటే రోజుకు 150 కిలోలు కావాలి. అందుకు 188 చదరపు మీటర్లు కోయాలి. అపుడు ఎకరమంతా 21, 22 రోజులకే అయిపోయి, మొదటి చెక్కకు వారం ముందుగానే కొడవలి చేరుతుంది. లేతగా కోసిన ఆ చెక్కలో దిగుబడి తక్కువ. కాబట్టి ఆ రోజు మరింత విస్తీర్ణం కోయవలసి వస్తుంది, తదుపరి చుట్టు మరింత కుదించుకుపోతుంది. ఇలా నాలుగైదు చుట్లు తిరిగేసరికి వేర్లలో నిల్వ అడుగంటి, మొక్కలు చావడం మొదలవుతుంది. రైతు కంటికి కనిపించేది పలుచబడిన పైరు. కనిపించనిది నాలుగు పశువుల మేత లోటు.

ఈ సమస్యకు పరిష్కారం విత్తన సంచిలో లేదు. పైరును మొదటి కోతకు ముందే 28 చెక్కలుగా గుర్తులు వేసి విభజించడం, రోజుకు ఒక చెక్కకు మించి ముట్టకపోవడం, లోటును హైబ్రిడ్ నేపియర్, బహుకోతల జొన్న వంటి ధాన్యజాతి మేతతో పూరించడం దీనికి ఆచరణీయమైన మార్గాలు. పచ్చి లూసర్న్ ఒక్కదాన్నే ఎక్కువగా మేపితే కడుపుబ్బరం వచ్చే ప్రమాదం కూడా ఉన్నందున, ధాన్యజాతి మేతతో లేదా ఎండు చొప్పతో కలిపి వేయడం రెండు విధాలా మంచిది.

నీరు, పోషకాలు

విత్తిన తొలి వారాలలో తేలికపాటి తడులు దగ్గర దగ్గరగా ఇవ్వాలి. తరువాత నేలను బట్టి చలికాలంలో 10–12 రోజులకు, వేసవిలో వారానికి ఒక తడి అవసరమవుతుంది. నీటి ఎద్దడి కంటె నీటి నిల్వ ఈ పైరుకు ఎక్కువ ప్రమాదకరం. ముఖ్యంగా వేసవిలో కోసిన మరునాడే మడి నిండా నీరు పెట్టి నిలవ ఉంచడం హానికరం. ఆకులు లేని మొక్క నీటిని పీల్చి వదలలేదు. వేడెక్కిన నేలలో నీరు నిలిస్తే వేర్లకు ఆక్సిజన్ అందక అవి ఉడికినట్లయి చనిపోతాయి. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ వంటి వేడి ప్రాంతాలలో ఇది బాగా తెలిసిన సమస్య. కొత్త చిగుళ్లు కనిపించిన తరువాత తడి ఇచ్చి, నీరు గంటల వ్యవధిలో ఇంకిపోయేలా చూడాలి.

బుడిపెలు ఏర్పడిన పైరుకు పైపాటుగా యూరియా అవసరం లేదు. అది మేతకు గాక గరికకు ఉపయోగపడుతుంది. విత్తేటపుడు హెక్టారుకు 20–25 కిలోల నత్రజని, సమృద్ధిగా భాస్వరం, చివికిన పశువుల ఎరువు చాలు. ఎక్కువగా విస్మరించబడేది పొటాష్. ఒక టన్ను ఎండు పదార్థం సుమారు 25 కిలోల పొటాష్‌ను, 6–7 కిలోల భాస్వరాన్ని నేల నుండి తీసుకుపోతుంది. ఏడాదికి 70 టన్నుల పచ్చిమేత, అనగా సుమారు 14 టన్నుల ఎండు పదార్థం తీసిన హెక్టారు నుండి 350 కిలోల పొటాష్ తరలిపోతుంది. విత్తినపుడు ఒక్కసారి వేసే 40 కిలోలతో ఈ లోటు పూడదు. నల్లరేగడి నేలలు కొంత కాలం తట్టుకుంటాయి. ఎర్ర చెలక నేలలలో రెండవ ఏటికే లోపం బయటపడి, ఆకుల అంచుల వెంట తెల్లని చుక్కలు కనిపిస్తాయి. పశువుల పేడలో, మూత్రంలో ఈ పొటాష్ చాలావరకు కొట్టానికి చేరుతుంది. అయితే ఆ ఎరువు సాధారణంగా వరికో, కూరగాయలకో పోతుంది గాని లూసర్న్ మడికి తిరిగి రాదు. భూసార పరీక్ష ఆధారంగా ఏటా పొటాష్, భాస్వరం వేయాలి.

పలుచబడిన పైరును అంచనా వేయడం, తిరిగి విత్తడం

పాత పైరులో మొక్కలను లెక్కించడం కష్టం, అది తప్పుదారి కూడా పట్టిస్తుంది. కొమ్మలను లెక్కించడం మేలు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రమాణం ప్రకారం చదరపు అడుగుకు 55 కొమ్మలకు పైగా ఉంటే సాంద్రత దిగుబడికి ఆటంకం కాదు. 40 నుండి 55 మధ్య ఉంటే కొంత నష్టం ఉంటుంది. 40 కంటె తగ్గితే పైరును మార్చే విషయం ఆలోచించాలి. ఒక అడుగు చతురస్రపు చట్రాన్ని క్షేత్రంలో పలుచోట్ల ఉంచి, కొమ్మలు 10–15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నపుడు లెక్కించాలి. చలి దేశపు రకాలపై ఏర్పడిన ఈ హద్దులను దక్కను పరిస్థితులలో యథాతథంగా వాడేముందు స్థానికంగా సరిచూడటం విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. దానితో పాటు నాలుగైదు మొక్కలను తవ్వి వేరును నిలువుగా చీల్చి చూడాలి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే పైరు కోలుకుంటుంది. గోధుమ రంగుకు మారి కుళ్లి ఉంటే ఎంత ఎరువు వేసినా ప్రయోజనం లేదు.

ఈ దశలో రైతులు సాధారణంగా చేసే పని ఖాళీలలో మళ్లీ విత్తనం చల్లడం. ఇది దాదాపు ఎన్నడూ ఫలించదు. లూసర్న్ తన సొంత మొలకలకు విషమయ్యే పదార్థాలను ఆకులు, కాండాల నుండి నేలలోకి విడుదల చేస్తుంది. మిస్సోరిలో జరిగిన పరిశోధనలో పాత మొక్క చుట్టూ సుమారు 20 సెంటీమీటర్ల మేర కొత్త మొలకలు నిలవలేదు. 40 సెంటీమీటర్ల దూరం వరకు నిలిచినవి కూడా తక్కువ దిగుబడి ఇచ్చాయి. మొలిచి బతికిన మొలక తల్లివేరు కూడా ఈ ప్రభావానికి గురై పొట్టిగా, కొమ్మలు చీలినట్లుగా మారుతుంది. ఆ లోపం జీవితాంతం ఉంటుంది. పైరు వయసు ఏడాది లోపు ఉన్నపుడు మాత్రమే ఖాళీలను నింపే ప్రయత్నం చేయవచ్చు. అంతకు మించిన పైరును దున్ని, కనీసం ఒక పంట కాలం మొక్కజొన్న గాని జొన్న గాని వేయాలి. లూసర్న్ వేర్లు కుళ్లి విడుదలయ్యే నత్రజని వలన ఆ పంటకు యూరియాను గణనీయంగా తగ్గించుకోవచ్చు. వానాకాలం మొదట్లో దున్ని మేత మొక్కజొన్న వేసిన రైతు అక్టోబరు చివరకు అదే మడిని మళ్లీ లూసర్న్‌కు సిద్ధం చేసుకోగలడు. అప్పుడు వరుసలలో విత్తడానికి ఎకరాకు ఆరు నుండి ఎనిమిది కిలోల విత్తనం సరిపోతుంది.